జూబా నుంచి మలకాల్‌కి: యూఎన్ మిషన్‌ల ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకి ఎట్ల పోవాలె?

మా తిరుమలగిరి గల్లీల ఒక తమ్ముడికి సౌత్ సూడాన్ పోస్టింగ్ వచ్చింది, యూఎన్ మిషన్‌కి, అంటే ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి. "అన్నా, అక్కడ క్యాంపుకీ క్యాంపుకీ మధ్య బస్సులుంటయా" అని అడిగిండు. నవ్వొచ్చింది గానీ నేను పోయేటప్పుడు నాగ్గూడ ఏం తెల్వదు, అందుకే ఇది రాస్తున్న.

మొదటి పని ఇక్కడనే ఉంది, ఎల్లో ఫీవర్ టీకా. ఫౌజీలకు చాలావరకు యూనిట్టే వేపిస్తది, సివిల్ మీద పోయేటోళ్ళు హైదరాబాద్ నారాయణగూడల ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)ల వేపించుకోవచ్చు. కనీసం 10 రోజుల ముందు వేపించుకొని టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోనే పెట్టుకోండి, లేకుంటే తిరిగొచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కాదు, 6 రోజుల దాక క్వారంటైన్‌కి పోతరు.

ఇగ అక్కడి సంగతి. మిషన్ హెడ్‌క్వార్టర్స్ రాజధాని జూబాల, మలకాల్ ఏమో ఉత్తరాన తెల్ల నైలు ఒడ్డున, సుమారు 500 కి.మీ. రోడ్డు మీద పోదామంటే వానాకాలంల అయ్యే పని కాదు, అక్కడి నేల మన ఆదిలాబాద్ పత్తి చేన్ల నల్లరేగడి లెక్కనే, తడిసిందంటే టైర్ తిరగదు బూటు లేవదు. అందుకే విమానం లేదంటే హెలికాప్టర్.

దానికి టికెట్ ఉండదు, ఎంఓపీ (మూవ్‌మెంట్ ఆఫ్ పర్సనల్) ఫారం ఉంటది. పేరు, యూఎన్ ఐడీ నంబరు, ఎందుకు పోతున్నరు అన్నీ నింపి, పై ఆఫీసర్ సంతకం పెట్టించి, మూవ్‌కాన్ (మూవ్‌మెంట్ కంట్రోల్, రాకపోకలు చూసే ఆఫీసు) వాళ్ళకు కొన్ని రోజుల ముందే ఇయ్యాలె. ఐడీల పేరు ఎట్లుందో ఫారంల గట్లనే రాయాలె, నేను ఇంటిపేరు ముందు వెనక చేసి రాసి రెండు దినాలు కూసున్న. సీటు వచ్చినా మురవొద్దు, అక్కడి ప్రభుత్వ బలగాల నుంచి ఫ్లైట్‌కి సేఫ్టీ క్లియరెన్స్ రాకున్నా, వాన పడి మట్టి రన్‌వే చెడినా క్యాన్సిలే. అందుకే చిన్న బ్యాగుల మూడు దినాల బట్టలు, మలేరియా గోళీలు, దోమతెర, టార్చ్ చేతిల ఉండాలె, పెద్ద బ్యాగు వెనక ఎప్పుడొస్తదో దేవునికెరుక.

బరువుకు లిమిట్ ఉంటది, తూకం గట్టిగ చూస్తరు. మామిడికాయ తొక్కు మాత్రం స్టీలు డబ్బల వద్దు, నాది కారి యూనిఫాం అంత నూనె అయ్యింది. సకినాలు మేలు, తేలిక, కారయి.

ఆయుధం ఉంటే ఎక్కే ముందు ఖాళీ చేసి చూపియ్యాలె. హెలికాప్టర్ దగ్గరికి క్రూ చెయ్యి ఊపినంకనే పోవాలె, తోక దిక్కు అస్సలు పోవద్దు. చెవులకు ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి, ఆ మోతకు రాత్రంత గుయ్యిమంటనే ఉంటది.

ఎండాకాలంల దగ్గరి క్యాంపులకు బండ్ల మీదనే పోతరు. ఒక్క బండి పోదు, కాన్వాయే. యూఎన్ డ్రైవింగ్ పర్మిట్ లేనిదే స్టీరింగ్ ముట్టనియ్యరు, ఇక్కడ ఎన్నేండ్లు ట్రక్కు నడిపినా సరే టెస్టు రాయాల్సిందే. బయల్దేరేటప్పుడు రేడియో రూంకి చెప్పాలె, చేరినంక మళ్ళ చెప్పాలె.

ఇంటికి మాత్రం ముందుగాల "ఫలానా టైంకి ఫలానా చోటికి పోతున్న" అని వాట్సాప్ పెట్టొద్దు, ఫ్యామిలీ గ్రూప్‌ల అయితే అస్సలొద్దు, చేరినంకనే చెప్పాలె. జూబా మనకంటే 3.30 గంటలు వెనక, అక్కడ సాయంత్రం 6కి సిగ్నల్ దొరికిందంటే ఇక్కడ 9.30, అమ్మ మేల్కొనే ఉంటది.