వ్యసన చికిత్సకు వచ్చిన స్త్రీని బాల్యపు గాయాల గురించి అడిగే పద్ధతి

మద్యానికో, కల్తీ కల్లుకో, నిద్రమాత్రలకో అలవాటుపడి చికిత్సకు వచ్చే స్త్రీలలో చాలామంది చిన్ననాట దెబ్బలో, లైంగిక వేధింపులో, తాగి వచ్చే తండ్రి భయమో అనుభవించినవారే. అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం 1998లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అలాంటి చేదు అనుభవాలు నాలుగు రకాలో అంతకు మించో ఎదుర్కొన్నవారికి, ఏవీ ఎదుర్కోనివారితో పోలిస్తే, మద్యవ్యసనం, మత్తుమందుల వాడకం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నాల ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. కనుక కౌన్సెలర్ ఆ గతాన్ని అడిగి తీరాలి. కాని చేరిన రోజే అడగకూడదు.

మొదట శరీరం కుదుటపడాలి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు గనుక, దాన్ని ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పడం సంభవించవచ్చు. ఇంట్లో గదిలో పెట్టి మాన్పించడం ప్రాణాంతకం. వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. మత్తు దిగిన తరువాత, అంతవరకు అది అణచిపెట్టిన జ్ఞాపకాలు పీడకలలుగా, ఉలికిపాటుగా తిరిగి రావచ్చునని ఆమెకు ముందే చెప్పండి. వాటిని తట్టుకోలేక మళ్లీ తాగిన స్త్రీని మొండిదని నిందించడం అన్యాయం.

మాట్లాడేటప్పుడు భర్తనైనా, అత్తనైనా, తల్లినైనా బయటే కూర్చోబెట్టండి. గడియ పెట్టకుండా, తలుపు దగ్గరి కుర్చీ ఆమెకే ఇవ్వండి. నాడి చూడాలన్నా "చెయ్యి పట్టుకోవచ్చా అమ్మా?" అని అడగండి. ఆమె చెప్పేది గోప్యంగా ఉంటుందని, అయితే ఇప్పుడు ఏ బిడ్డపైనైనా లైంగిక దాడి జరుగుతోందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపక తప్పదని ముందుగానే వివరించండి. ఆ తరువాతే, "చిన్నప్పుడు మిమ్మల్ని బాగా భయపెట్టినవి, బాధపెట్టినవి ఏమైనా జరిగాయా? ఇష్టమైతేనే చెప్పండి, అవును కాదు అన్నా చాలు" అనండి. వివరాలు తవ్వకండి, "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న అసలే వద్దు, ఎందుకంటే ఆ మాట తప్పంతా ఆమెదేనన్నట్టు వినిపిస్తుంది. ఆమె చూపు నిలిచిపోయి, ఊపిరి బిగుసుకుంటే ప్రశ్నలు ఆపి, పాదాలు నేలకు ఆనించమని, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పమని నెమ్మదిగా అడగండి.

గాయాన్ని లోతుగా తాకే చికిత్సను, అందులో శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులకే వదలండి. డిశ్చార్జికి ముందు మాత్రం ఆమె ఏ ఇంటికి వెళుతోందో, ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తప్పక తెలుసుకోండి. ఒకనాడు హింసించిన మనిషి అక్కడే ఉంటే వేరే ఆశ్రయం చూడండి, మహిళా హెల్ప్‌లైన్ 181, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్లు ఆమెకు రాసి ఇవ్వండి.