పాత వీడియో గేమ్ పెట్టె విప్పే ముందు: ప్లగ్గు పీకితే సరిపోదు

పోయిన వారం విజయనగరంలో మా పక్క వీధి డిగ్రీ కుర్రాడొకడు, మూతపడ్డ పార్లర్ నుంచి కొన్న గేమ్ పెట్టె వెనక తలుపు తీసి మానిటర్ మీద చెయ్యి పెట్టాడు. పిక్చర్ ట్యూబు మీదుండే రబ్బరు టోపీ కిందికి వేలు పోయింది. ఛెళ్లున కొట్టింది. చెయ్యి వెనక్కి లాక్కోవడంలో మోచెయ్యి ట్యూబు మెడకు తగిలి గాజు విరిగింది, సుయ్యిమని గాలి లోపలికి పోయింది. నేను వెళ్లేసరికి మెడ లోపల అద్దంలా మెరవాల్సిన మచ్చ పాలలా తెల్లబడి ఉంది. గాలి చొరబడిందనడానికి అదే గుర్తు, ఇక ఆ ట్యూబు పనికిరాదు. కుర్రాడు దక్కాడు. "ప్లగ్గు పీకి రెండు రోజులైందన్నా, ఇంకా కరెంటెక్కడిది?" అని అడిగాడు.

ఇదే మాట నేను చాలామంది నోట విన్నాను. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమాను పండగ. అప్పటికి పెట్టెలో కంప్యూటరో, రాస్‌బెర్రీ పై అనే అరచేతంత చిన్న కంప్యూటరో పెట్టి, మేమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాత ఆటలు ఆడించాలని చాలామంది ముచ్చటపడుతున్నారు. మంచి ముచ్చటే. కానీ ప్లగ్గు పీకడమంటే పని మొదలైందని మాత్రమే, ప్రమాదం తప్పిందని కాదు.

ఎందుకో చెప్తాను. పిక్చర్ ట్యూబు గాజుకు లోపలా బయటా కరెంటు పారే పూత ఉంటుంది, మధ్యలో గాజు. అంటే ట్యూబే చార్జిని దాచిపెట్టుకునే ఒక పెద్ద కండెన్సర్. కలర్ మానిటర్‌లో రబ్బరు టోపీ కింద సుమారు 20 వేల నుంచి 25 వేల వోల్టులు ఉంటాయి, ఆ చార్జి రోజుల తరబడి నిలవగలదు. దాన్ని దించాలంటే ట్యూబు వెనక నల్లటి పూతను ఆనుకుని జడలా అల్లిన తీగ ఉంటుంది చూడండి, దానికి క్లిప్పున్న వైరు తగిలించి, రెండో కొసను ప్లాస్టిక్ పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్‌కు బిగించండి. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో టోపీ అంచు కిందికి మెల్లగా పోనిచ్చి లోపలి లోహానికి తాకించండి. టప్పుమని వినిపించొచ్చు, వినిపించకపోవచ్చు. పది నిమిషాలాగి మళ్లీ చేయండి, ఎందుకంటే గాజులో మిగిలిన చార్జి తిరిగి పైకొస్తుంది. రెండోసారి చేయకుండా టోపీ ఊడదీయకండి.

ఇంట్లో కరెంటు చూసే టెస్టర్‌తో మాత్రం ఈ పని చేయకండి. దాని తలమీద మీ బొటనవేలు ఉంటుంది, కరెంటు దారి మీ ఒంట్లోంచే.

ట్యూబు చార్జి దించాక కూడా చాసిస్ బోర్డు (మానిటర్‌ను నడిపే సర్క్యూటు) మీది లావుపాటి కండెన్సర్ మిగిలే ఉంటుంది. నేరుగా 230 వోల్టులు తీసుకునే బోర్డులో అది 320 వోల్టుల పైన డీసీ పట్టుకుంటుంది. నా లెక్కలో టోపీ కన్నా ఇదే ఎక్కువ ప్రాణాంతకం. దాన్ని దించడానికి, ఫిలమెంటు బల్బు పెట్టిన హోల్డర్ వైర్లు రెండూ దాని కాళ్లకు తాకిస్తే బల్బు ఒకసారి వెలిగి ఆరుతుంది. ఆ తర్వాత వోల్టేజీ పోయిందో లేదో మల్టీమీటర్‌తో చూడండి. మల్టీమీటర్‌ను టోపీ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి.

"మాకు ట్యూబు వద్దు, ఎల్‌సీడీ పెట్టేస్తాం" అనేవాళ్లకీ ఇదంతా వర్తిస్తుంది. ట్యూబు తీసేవాడికే ఎక్కువ అపాయం. వీధిలో పాత టీవీ మెకానిక్ ఎవరైనా మిగిలి ఉంటే, డబ్బులిచ్చైనా మొదటిసారి ఆయన చేత చేయించి పక్కన నిలబడి చూడండి.

మానిటర్ సంగతి. పాత ఆర్కేడ్ (పార్లర్ గేమ్ పెట్టె) మానిటర్లు చాలావరకు 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కు, అంటే సెకనుకు సుమారు 15 వేల అడ్డగీతలు గీయడానికి చేసినవి. కంప్యూటర్ వీజీఏ 31 కిలోహెర్ట్జ్. తప్పు సిగ్నల్ ఇస్తే కొన్నింటిలో ఆ అడ్డగీతల్ని నడిపే హారిజాంటల్ ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే మొదటి తెర కూడా 31లోనే వస్తుంది కాబట్టి, 15లోకి మారాకే మానిటర్‌కు కరెంటివ్వండి. పెట్టె అడుగున ఉండే, మానిటర్‌ను గోడ కరెంటు నుంచి వేరుగా ఉంచే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను బరువని తీసి పారేయకండి, చాలా చాసిస్‌ల గ్రౌండు నేరుగా కరెంటు లైన్‌కే కలిసి ఉంటుంది.

ఇక మిగతావి.

ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయండి. తడి నేల మీద, తడి చెప్పులతో వద్దు. ముసురు పట్టిన రోజు అసలు ముట్టుకోకండి. ట్యూబును మెడ పట్టుకుని ఎత్తకండి. బొంత పరిచి గాజు ముఖం కిందికి ఉండేలా పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఎలుకలు కొరికిన వైరుకు టేపు చుట్టడం కాదు, వైరే మార్చండి. కాయిన్ తలుపుకీ కంట్రోల్ ప్యానెల్ రేకుకీ ఎర్త్ ఇవ్వండి. మూడు పిన్నుల ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టకండి. ఆట బోర్డును పెట్టె వైర్లకు కలిపే జామా కనెక్టర్ తిరగేసి గుచ్చితే బోర్డు పోతుంది, ఏ వైపు ఎటో ముందే దాని మీద గుర్తు వేసుకోండి. పాత పవర్ సప్లైలోంచి 5 వోల్టులే వస్తున్నాయో లేదో కొలవకుండా ఆట బోర్డుకు ఇవ్వకండి. విదేశీ పెట్టైతే 110 వోల్టులదో 230 వోల్టులదో చూడకుండా గోడకు గుచ్చకండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. ఒంటరిగా చేయకండి. ప్లగ్గు పీకాను కదా అని చెయ్యి పెట్టకండి. నిన్ననే చార్జి దించాను కదా అని కూడా పెట్టకండి. మధ్యలో ఒక్కసారి ఆన్ చేసినా మళ్లీ మొదటికే.

ఎవరికైనా షాక్ కొట్టి పట్టేస్తే ముందు మెయిన్ ఆపండి, తర్వాతే మనిషిని ముట్టుకోండి. 108కి ఫోన్ చేయండి. బాగానే ఉన్నానన్నా వినకండి, ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.