కిందికి దించిన చిన్న కారుకు కొత్త చక్రాలా? కొనేముందు ఈ జాగ్రత్తలు

పొట్టి స్ప్రింగులు వేయించి కారును 30, 40 మిల్లీమీటర్లు కిందికి దించాక అందరి కన్నూ చక్రాల మీదికే పోతుంది. పాత చక్రాలు సన్నగా, లోపలికి ముడుచుకుపోయినట్లు కనిపిస్తాయి. వెడల్పాటి అల్లాయ్ చక్రాలు వేస్తే ఆ వెలితి తీరుతుందన్నది నిజమే. నాకూ ఆ అందం ఇష్టమే. అయితే చక్రం సరిపోయిందో లేదో నిలబడి ఉన్న కారు చెప్పదు. వెనుక సీటులో ముగ్గురు కూర్చుని, స్టీరింగు సగం తిప్పి ఉండగా, కారు గుంతలో దిగినప్పుడు తెలుస్తుంది. అక్కడ టైరు ఫెండరుకు, అంటే చక్రం పైనుండే రేకుకు, రాసుకుంటే నష్టపోయేది టైరు ఒక్కటే కాదు. కాబట్టి కొలతలన్నీ ఆ క్షణాన్ని దృష్టిలో పెట్టుకుని తీయాలి.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఆఫ్‌సెట్ దగ్గర. చక్రం వెడల్పుకు సరిగ్గా మధ్యనున్న గీతకూ, హబ్‌కు (కారులో చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే ముఖానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. చక్రం మీద 'ఇటి' (ET) అన్న అక్షరాల పక్కన మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది, పెరిగేకొద్దీ లోపలికి పోతుంది. వెడల్పును పట్టించుకోకుండా ఈ ఒక్క అంకెను మాత్రమే చూస్తే లెక్క తప్పుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కారుతో వచ్చిన చక్రం వెడల్పు 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 45. కొనాలనుకుంటున్నది 7 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 35. వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే సుమారు 38 మి.మీ. పెరిగింది. అందులో సగం, 19 మి.మీ., చెరోవైపుకూ పోతుంది. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 10 మి.మీ. బయటికి జరుగుతుంది. బయటి అంచు 29 మి.మీ. బయటికి వస్తుంది, లోపలి అంచు 9 మి.మీ. లోపలికి పోతుంది. చిన్న కారు ఫెండరు కింద 29 మి.మీ. అంటే చాలా పెద్ద మాట. అదే 6.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 42 ఎంచుకుంటే బయటికి వచ్చేది 16 మి.మీ. లోపే, లోపలికి పోయేది 10 లోపే. బయట నుంచి చూస్తే ఈ రెంటి తేడా కొట్టొచ్చినట్లు ఉండదు కానీ, ఫెండరు కింద అదే అసలు తేడా. నన్నడిగితే కిందికి దించిన కారుకు రెండోదే కొనాలి. 195/50 ఆర్15 టైరుకు (వెడల్పు 195 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము 15 అంగుళాలు) 5.5 నుంచి 7 అంగుళాల దాకా రిమ్ములు అనుమతించినవే కాబట్టి, 6.5 మీద అది హాయిగా కూర్చుంటుంది.

లోపలి వైపునూ కొలవండి. ఎత్తు సర్దుకునే రకం షాక్ అబ్జార్బర్లు వేయించి ఉంటే, స్ప్రింగు ఆనే కింది పళ్లెం కొన్నిసార్లు టైరు భుజానికి మరీ దగ్గరగా వస్తుంది. అక్కడ ఖాళీ 5 మి.మీ. కన్నా తక్కువ ఉంటే నేనైతే ఆ చక్రం వేయను. మలుపులో టైరు పక్కకు వంగుతుంది, బేరింగు కొద్దిగా కదులుతుంది. ఆ 5 మిల్లీమీటర్లు వాటికే సరిపోతాయి.

బయటి ఖాళీని ఎలా చూడాలి? చక్రం ఎంత పైకి వెళ్లగలదో నిర్ణయించేది కారు ఎత్తు కాదు, షాక్ అబ్జార్బరు కడ్డీ మీదుండే రబ్బరు అడ్డు. పొట్టి స్ప్రింగులు వేసినా ఆ అడ్డు పాతదే అయితే, చక్రం చేరే చివరి ఎత్తు కంపెనీ అనుకున్నదే. కాకపోతే అంతకు ముందు ఏడాదికోసారి చేరే చోటికి ఇప్పుడు రోజూ చేరుతుంది. స్ప్రింగులు వేసేటప్పుడు ఆ రబ్బరును కోసి పొట్టిగా చేసి ఉంటే మాత్రం చక్రం కంపెనీ ఊహించని చోటికీ వెళ్తుంది. కోశారో లేదో ఆ పని చేసిన మెకానిక్‌ను తప్పకుండా అడగండి. ఈ సమాచారం లేకుండా తీసిన కొలతకు విలువ లేదు.

తేలికైన పరీక్ష ఒకటి ఉంది. పిల్లలు ఆడుకునే మైనపు బంకను చిన్న ఉండలుగా చేసి ఫెండరు లోపలి అంచున, లోపలి ప్లాస్టిక్ తొడుగు ముందూ వెనుకా అంటించండి. చక్రాలు బిగించి, నలుగురిని కూర్చోబెట్టి, ఖాళీ స్థలంలో స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ నెమ్మదిగా నడపండి. తర్వాత ఎత్తు తక్కువగా ఉన్న దిమ్మ మీదికి ఒకవైపు చక్రాన్ని మాత్రమే ఎక్కించండి. దిగి చూస్తే బంక ఎక్కడ నలిగిందో, ఎంత పలచబడిందో కంటికి కనిపిస్తుంది. ఎక్కువగా నలిగేది ఫెండరు అంచు కాదు, చాలామంది చూడని చోటు: ముందు చక్రానికి ముందువైపు, బంపరు తొడుగు వచ్చి ఫెండరును కలిసే మూల. స్ప్రింగు తీసి చక్రాన్ని జాకీతో చివరిదాకా ఎత్తి చూడటం ఇంతకన్నా కచ్చితమైన పద్ధతి. కానీ ముందు చక్రాల స్ప్రింగు భారీ ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని నొక్కిపట్టే సరైన పనిముట్టు, అనుభవం ఉన్నవారే ఆ పని చేయాలి.

ఫెండరు లోపలి అంచును మడిచి చోటు చేయించుకోవచ్చు. రంగును బాగా వేడి చేసి, కొద్దికొద్దిగా మడవాలి. చల్లగా ఉండగా మడిస్తే రంగు పగిలి, అక్కడ తుప్పు మొదలవుతుంది. మడిచాక ఆ అంచుకు తుప్పు పట్టని పూత వేయించడం మరచిపోవద్దు.

బోల్టుల వలయం కొలత, అంటే బోల్టులన్నిటినీ కలిపే వృత్తం వ్యాసం, చాలామందికి తెలిసినదే కాబట్టి ఒక్క హెచ్చరికతో వదిలేస్తాను. నాలుగు బోల్టుల చక్రాల్లో 98, 100 మి.మీ., అయిదు బోల్టుల వాటిలో 112, 114.3 మి.మీ. చూపుకు ఒకటే అనిపిస్తాయి. 'కొద్దిగా బిగిస్తే పడుతుంది' అని ఎవరైనా అంటే ఆ చక్రం వెనక్కి ఇచ్చేయండి. బోల్టు వంకరగా లాగబడి, నడుస్తుండగా తెగే ప్రమాదం ఉంది.

మధ్య రంధ్రం గురించి అంతగా ఎవరూ అడగరు. హోండా చిన్న కార్లలో చాలావాటికి హబ్ 56.1 మి.మీ., టొయోటా, సుజుకి చిన్న కార్లలో చాలావాటికి 54.1. విడిగా అమ్మే చక్రాలు అన్నిటికీ సరిపోవాలని 73.1 వంటి పెద్ద రంధ్రంతో వస్తాయి. మధ్యలో సరైన రింగు వేయకపోతే, ఎంత బ్యాలెన్సింగ్ చేయించినా వేగంలో స్టీరింగు వణుకుతూనే ఉండవచ్చు.

నట్ల దగ్గర మాత్రం ఆగి చూడండి, ప్రాణం ఆధారపడేది వాటి మీదే. విడి చక్రాలకు ఎక్కువగా 60 డిగ్రీల శంఖాకారపు నట్లు కావాలి. కారుతో వచ్చినవి గుండ్రటి ముఖం గలవో, బల్లపరుపు వాషరు గలవో కావచ్చు. పాత నట్టు కొత్త చక్రంలో ఒక సన్నని గీత వెంట మాత్రమే ఆనుతుంది. బిగుతుగా ఉన్నట్లే అనిపిస్తుంది, తర్వాత వదులవుతుంది. బోల్టు మీది మరల మధ్య దూరం కూడా కార్లను బట్టి మారుతుంది. 12 మి.మీ. బోల్టుకు అది 1.5 మి.మీ. అయితే నట్టు కనీసం 8 చుట్లు, 1.25 అయితే దాదాపు 10 చుట్లు పూర్తిగా ఎక్కాలి. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. స్పేసరు (హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే బిళ్ల) వేసిన చోట ఈ లెక్కే ముందుగా తప్పుతుంది. సరైన ఆఫ్‌సెట్ ఉన్న చక్రం దొరుకుతుండగా స్పేసరుతో సర్దుకోవడం నాకు నచ్చదు.

టైరు ఎక్కించకముందే ఉత్త రిమ్మును హబ్ మీద పెట్టి చేత్తో తిప్పి చూడాలి. ఒకే వ్యాసం ఉన్న రెండు చక్రాల్లో స్పోకుల వంపు వేరుగా ఉండి, ఒకటి బ్రేకు క్యాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగాన్ని) తాకవచ్చు. రిమ్ము లోపల అంటించే బ్యాలెన్సింగ్ బరువులకూ చోటు మిగలాలి. టైరు ఎక్కించాక దుకాణంవారు వెనక్కి తీసుకోరు.

టైరు ఎత్తు మారితే స్పీడోమీటరు మారుతుంది. 175/65 ఆర్14 మొత్తం ఎత్తు 583 మి.మీ., 195/50 ఆర్15 ది 576. ఒక శాతానికి కొంచెం పైన తేడా, ఇబ్బంది లేదు. బరువు మోసే శక్తిని చూపే అంకె మాత్రం పాతదానికన్నా తగ్గకూడదు. 82 అంటే ఒక్కో టైరుకు 475 కిలోలు. 195/45 ఆర్16 టైర్లు కొన్ని 80తో, అంటే 450 కిలోలకే వస్తాయి. దించిన కారులో రోడ్డు దెబ్బలు గట్టిగా తగులుతాయి కాబట్టి ఇక్కడ రాజీ పడొద్దు. రిమ్ము మీద కూడా అది మోయగల బరువు, జపాన్ ప్రమాణమైన జెడబ్ల్యుఎల్ వంటి గుర్తు ఉన్నాయో లేదో చూడండి. ఇలాంటి మార్పులకు మీ ప్రాంత రవాణా నిబంధనలు, బీమా షరతులు ఒప్పుకుంటాయో కూడా ముందే కనుక్కోండి.

బిగించే రోజున జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చేయి పెట్టొద్దు. స్టాండు తప్పనిసరి. హబ్ ముఖం మీది తుప్పును తీగ బ్రష్షుతో రుద్ది తీసేయండి, లేకపోతే చక్రం ఒరిగి కూర్చుంటుంది. మరలకు నూనె రాయొద్దు. నూనె రాస్తే అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది. నట్లను ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ వెళ్లి, చివర టార్క్ రెంచితో కారు పుస్తకంలో చెప్పిన బలానికి ఆపాలి. గాలి తుపాకీతో 'టకటక'మని బిగించి ఇస్తే ఒప్పుకోవద్దు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచి పెట్టి చూడండి.

అలైన్‌మెంట్ చేయించకుండా దూరప్రయాణం పెట్టుకోవద్దు. కారును కిందికి దించితే చక్రాలు పైభాగంలో లోపలికి వాలతాయి, అవి ముందువైపుకు చూసే కోణం కూడా మారుతుంది. టైరు లోపలి అంచు తీగలు బయటపడేదాకా అరిగినా బయట నుంచి చూసేవారికి కొత్త టైరులాగే ఉంటుంది. నెలకోసారి స్టీరింగు పూర్తిగా తిప్పి, ఆ లోపలి అంచును వేలితో తడిమి చూడండి. బ్రేకు గొట్టం మీద, ఏబీఎస్ తీగ మీద మెరిసే రాపిడి గుర్తు ఉందేమో అప్పుడే చూసేయవచ్చు.

ఇక స్టెప్నీ. అది పాత ఇనుప చక్రమే కాబట్టి దానికి పాత నట్లే కావాలి. కొత్త శంఖాకారపు నట్లు దానికి సరిపడకపోవచ్చు. పాత నట్లనూ, తాళం నట్టు వేయించి ఉంటే దాని తాళంచెవినీ ఒక సంచిలో వేసి స్టెప్నీ గుంటలోనే పెట్టండి.