పది మందితో సీతాకోకచిలుకల నడక ఎలా నడపాలి?

ఒక్కరే వెళ్లి సీతాకోకచిలుకను చూడడం పెద్ద విద్యేం కాదు. పది మందిని వెంటబెట్టుకుని వెళ్లి, పదో మనిషి చూసేదాకా దాన్ని ఆ పువ్వు మీదే ఉండనివ్వడం విద్య. ప్రకృతి క్లబ్బులు నడిపే ఇలాంటి నడకలు చెడేది చాలావరకు అక్కడే. ముందున్న ముగ్గురు సీతాకోకచిలుకను చూస్తారు, వెనకున్న ఏడుగురు అది వదిలి వెళ్లిన కొమ్మను చూస్తారు. తప్పు ఆ ఏడుగురిది కాదు, నడిపించినవాళ్లది.

దారి, వేళ

నడిపించే మనిషి ముందు రోజు, అదే వేళకు, ఆ దారంతా ఒకసారి నడిచి రావాలి. ఒకటి, ఒకటిన్నర కిలోమీటరు చాలు. దానికే రెండున్నర గంటలు పడుతుంది. ఐదు కిలోమీటర్లు పెట్టుకున్న నడకలో వెనకవాళ్లకు కనిపించేది ముందువాళ్ల వీపులే. దారిలో మూడు చోట్లు తప్పకుండా ఉండాలి: ఎండ పడే పూల పొదలు, తడి మట్టి, ఎండా నీడా కలిసే చెట్ల అంచు. పూలనే నమ్ముకుంటే చాలా జాతులు కంటపడవు. కుళ్లిన పండ్ల మీదా పేడ మీదా వాలేవి, చెట్టు నుంచి కారే రసం తాగేవి పువ్వు వైపు పెద్దగా తొంగిచూడవు.

సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే మొక్కలు ఎక్కడున్నాయో కూడా చూసి పెట్టుకోండి. నిమ్మ, కరివేపాకు ఉంటే లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మోర్మన్ అనే జాతులు వస్తాయి. జిల్లేడు ఉంటే ప్లెయిన్ టైగర్. ఆముదం ఉంటే కామన్ క్యాస్టర్. ఒక్కో జాతికి ఒక్కో మొక్క, లేదా కొద్దిపాటి మొక్కల కుటుంబం. ఆకు తర్వాత ఆకు మీద క్షణం పాటు వాలి, ముందు కాళ్లతో తట్టి, లేచిపోతున్నది కనిపిస్తే అది గుడ్డు పెట్టే చోటు వెతుకుతున్న ఆడది. కాళ్లతోనే ఆకు రుచి చూస్తుంది. నడకలో చూడదగ్గ దృశ్యాల్లో ఇది మొదటిది. దారి ముందే చూసి రాని లీడర్‌కు ఇది దొరకదు.

వేళ విషయంలో పక్షులు చూసేవాళ్ల అలవాటు మన నెత్తికెక్కింది. ఉదయం ఆరింటికి అందరినీ పోగేస్తారు. అప్పటికి సీతాకోకచిలుక ఆకు కింద రెక్కలు ముడుచుకుని ఉంటుంది. ఎగరాలంటే దాని ఒంట్లోని ఎగిరే కండరాలు దాదాపు 30 డిగ్రీల దాకా వేడెక్కాలి, ఆ వేడి ఎక్కువగా ఎండ నుంచే రావాలి. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య మొదలుపెట్టి పదకొండున్నరకు ముగించండి. మొదటి అరగంటలో అవి రెక్కలు చాపి ఎండ కాగుతుంటాయి, పైవైపు బాగా కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండ ముదిరితే నీడకు పోతాయి. వాన వెలిసిన మర్నాడు ఎండ కాస్తే అంతకంటే మంచి రోజు లేదు. చిన్న కొమ్మలు ఊగేంత గాలి ఉంటే వాయిదా వేయండి.

సామాను

8×42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు కటకం 42 మిల్లీమీటర్లు), లేదా అంతకంటే చిన్నవి. రెండు మీటర్ల లోపు వస్తువు మీద ఫోకస్ అయ్యేవే కావాలి. కొనేముందు మీ చెప్పు మీద ఫోకస్ చేసి చూడండి, అదే పరీక్ష. పది రెట్లవి చేతిలో వణుకుతాయి, వద్దు. నోటు పుస్తకం, పెన్సిల్, నీళ్లు, టోపీ, మట్టిరంగు పొడుగు చేతుల చొక్కా. దోమల మందు పూసుకుంటే అరచేతులకు అంటనివ్వకండి. డీట్ అనే రసాయనం ఉన్న మందు బైనాక్యులర్స్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, ఆ చేత్తో ముట్టుకున్న ఆకు మీదికి గొంగళిపురుగు రేపు పాకాలి. వల అక్కర్లేదు.

వల పట్టి, జాడీలో వేసి, చేతులు మార్చి చూపించే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. రెక్క మీది రంగంతా పెంకుల్లా పేర్చిన సన్నని పొలుసులదే. వేలు తగిలితే పొడిలా రాలిపోతాయి, మళ్లీ రావు. ఆ సంగతి పక్కన పెట్టినా, జాడీలో ఉన్నది ఏం తింటుందో, ఎక్కడ వాలుతుందో, ఎవరిని తరుముతుందో చూపించదు. పేరు తెలుస్తుంది, అంతే. మాగిన అరటిపండు ఎరగా పెట్టడం కూడా నాకు నచ్చని పనే. అందరూ ఆ పళ్లెం చుట్టూ చేరతారు, నడక అక్కడితో ఆగిపోతుంది. పైగా ఎర పెట్టిన రోజు లెక్కను పెట్టని రోజు లెక్కతో పోల్చడానికి ఉండదు.

జట్టు

పది మందికి మించకూడదు. పదిహేను మంది వస్తే రెండు జట్లు చేసి, పావుగంట తేడాతో పంపండి. ముందు లీడర్, చివర దారి తెలిసిన మరో మనిషి, మధ్యలో రాసే మనిషి. లీడర్ రాయకూడదు. పుస్తకంలోకి తల వంచిన క్షణంలోనే ముందున్నది లేచిపోతుంది. బయల్దేరే ముందు రెండు నిమిషాలు చాలు: లీడర్ చెయ్యి అడ్డంగా పెడితే ఆగాలి, దారి దిగకూడదు, వేలు పెట్టి చూపించకూడదు.

వేలు సంగతి చాలామందికి చాదస్తంగా తోస్తుంది. కాదు. చూపించాలన్న ఉత్సాహంలో చాచిన చెయ్యే క్లబ్ నడకల్లో ఎక్కువ సీతాకోకచిలుకలను లేపుతుంది. మాటతో చెప్పండి: "రెండు గంటల దిక్కున, మోకాలి ఎత్తులో, వంగిన పసుపు పువ్వుకు ఎడమ పక్క ఆకు చివర." దిక్కు (ఎదురుగా ఉన్నది పన్నెండు అనుకుని, గడియారం లెక్కన), ఎత్తు, గుర్తు, ఈ వరుసలోనే. "అదిగో, అక్కడ, ఆ ఆకు మీద" అంటే చెట్టుకు ఆకులు ఎన్నో మీకే తెలుసు.

దగ్గరికి వెళ్లడం

ఇక్కడ తొందరపడకండి. తక్కిన దశల్లో తప్పు చేస్తే సరిదిద్దుకోవచ్చు, ఇందులో వీల్లేదు.

ముందుగా దాని కన్ను సంగతి. సీతాకోకచిలుకకు మనంత స్పష్టంగా కనిపించదు, కానీ దాదాపు చుట్టూ కనిపిస్తుంది. వెనక నుంచి వెళ్తే తెలియదనుకోవడం మన పొరపాటు. అది పట్టేది ఆకారాన్ని కాదు, కదలికను, వెలుతురులో మార్పును. అందుకే మెల్లగా మాట్లాడుకుంటే చాలా జాతులు పట్టించుకోవు, చెయ్యి విసిరితే మాత్రం ఉండవు. గుసగుసల మీద పెట్టే శ్రద్ధ కాళ్ల మీదా చేతుల మీదా పెట్టండి.

తర్వాత నీడ. ఫోటోగ్రాఫర్లు సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోమంటారు. ఫోటోకు అది మంచిదే, గుంపుకు మాత్రం కాదు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే మన నీడ మన ఎత్తంత ఉంటుంది. 30 డిగ్రీల ఎత్తులో ఉంటే 1.7 రెట్లు. అంటే 165 సెంటీమీటర్ల మనిషి నీడ 2.8 మీటర్లు. రెండు మీటర్ల దూరంలోనే ఆగాం కదా అని ధీమాగా ఉంటారు. తల నీడ అప్పటికే పువ్వు దాటి అవతల పడుతుంటుంది. అందుకే సూర్యుడు మీ ఎడమ భుజం మీదో కుడి భుజం మీదో ఉండేలా పక్క నుంచి వెళ్లండి. అందుకు నాలుగు అడుగులు చుట్టు తిరగాల్సి వస్తే తిరగండి. నీడ ఎటు పడుతోందో నేల చూసి నిర్ధారించుకున్నాకే ముందుకు.

ఇప్పుడు వరుస. లీడర్ చెయ్యి అడ్డం పెట్టగానే అందరూ ఐదు మీటర్ల దూరంలో ఆగాలి. అక్కడి నుంచే బైనాక్యులర్స్‌తో ఒకసారి చూసుకోవాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే తర్వాత అది ఎగిరిపోయినా ప్రతి ఒక్కరికీ ఒక చూపు దక్కి ఉంటుంది. అందరూ "చూశాం" అన్నాకే లీడర్ ఒక్కరు ముందుకు వెళ్లి అది ఏం చేస్తోందో గమనించాలి. చుట్టగా ఉన్న తొండం విప్పి పువ్వులోకి దించితే మంచి గుర్తు. అప్పుడు కూడా పదంకెలు లెక్కపెట్టండి. తొండం లోపలే ఉంటే అది తాగడంలో పడిందని అర్థం. వాలగానే రెక్కలు అరగా తెరిచి, అటూ ఇటూ తిరిగి, మళ్లీ మళ్లీ సర్దుకుంటుంటే అది ఇంకా కుదురుకోలేదు. అప్పుడు అడుగు వేశారో, పోయింది.

కుదురుకున్నాక ఇద్దరిద్దరు వెళ్లాలి. కూర్చోవాలనుకుంటే మూడు నాలుగు మీటర్ల దూరంలోనే కూర్చుని, అలాగే ముందుకు జరగాలి. చాలామంది దగ్గరిదాకా నిటారుగా నడిచి, అక్కడ గభాలున కూలబడతారు. సీతాకోకచిలుక లెక్కలో ఆకాశం నుంచి ఏదో మీద పడుతున్నట్టే. బైనాక్యులర్స్ గానీ ఫోన్ గానీ ముందే కంటి ఎత్తులో పట్టుకుని వెళ్లండి, దగ్గరికి చేరాక ఎత్తకండి. ఒకటిన్నర మీటర్ల దగ్గర ఆగండి. అరనిమిషం చూసి, వచ్చిన దారినే వెనక్కి నడవండి. వెనుదిరగడం కూడా కదలికే. దాని మీదుగా అవతలికి దాటి వెళ్లిపోయే మహానుభావులు ప్రతి జట్టులో ఒకరుంటారు. వాళ్లను చివరి జతలో పెట్టండి.

తడి మట్టి దగ్గర పద్ధతి కాస్త మారుతుంది. అక్కడ గుమిగూడేవి ఎక్కువగా మగవే, ఉప్పు లవణాల కోసం మట్టినీరు పీలుస్తుంటాయి. ఒకసారి తాగడంలో పడితే చాలాసేపు కదలవు కాబట్టి పది మందీ మూడు మీటర్ల దూరంలో అర్ధచంద్రాకారంగా కూర్చుని ఒకేసారి చూడొచ్చు. కాని ఆ తడిని తొక్కకండి. గోటి సైజు నీలి రంగువి రెక్కలు ముడిస్తే మట్టిలో కలిసిపోతాయి, కాలు పెట్టాక గానీ కనిపించవు.

ఎగిరిపోతే? వెంటపడకండి. ఉన్నచోటే కదలకుండా నిలబడండి. మట్టి మీది గుంపు ఒక చుట్టు తిరిగి చాలాసార్లు అక్కడికే దిగుతుంది. ఎండ పట్టే ఆకు చివర కాపలా కూర్చుని, వచ్చే పోయే ప్రతిదాన్నీ తరిమే మగది కూడా తరచుగా అదే ఆకు మీదికి తిరిగొస్తుంది. రెండు నిమిషాలు చూసి రాకపోతే ముందుకు సాగండి. పరిగెత్తినవాళ్లకు అది దొరకదు, వాళ్ల కాళ్ల కింద పడ్డ మొక్క మీది గొంగళిపురుగు కూడా మిగలదు.

ఒక మినహాయింపు. కొమ్మకు వేలాడుతూ, రెక్కలు ముడతలు పడి మెత్తగా ఉన్నది కనిపిస్తే అది ఇప్పుడే ప్యూపా నుంచి, అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూడు నుంచి, వచ్చినది. ఆ రెక్కలు గట్టిపడడానికి గంటో, అంతకు మించో పడుతుంది. ఎగరలేదు కదా అని దగ్గరికి పోయి ఊదడం, కొమ్మ వంచడం చేయకండి. కింద పడితే రెక్క వంకరగానే గట్టిపడుతుంది. దాన్ని దూరం నుంచే చూపించండి.

లెక్క

వెళ్లేటప్పుడే లెక్కపెట్టండి, తిరిగొచ్చేటప్పుడు వద్దు. మీకు ముందు ఐదు మీటర్లు, అటూ ఇటూ రెండున్నర మీటర్ల చొప్పున ఒక పెట్టె ఉందనుకోండి. అందులో కనిపించినవే లెక్క. వెనక నుంచి వచ్చి దాటిపోయినవి లెక్కలోకి రావు, అవి మీరు ఇప్పటికే రాసినవి కావచ్చు. బ్రిటిష్ జీవావరణ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ పొలార్డ్ రూపొందించిన పద్ధతి ఇది. బ్రిటన్‌లో 1976 నుంచి దేశమంతటా సాగుతున్న గణన దీని మీదే నడుస్తోంది. జట్టులో అందరూ తలో సంఖ్య అరిస్తే ఒక్క బ్లూ టైగర్ సీతాకోకచిలుక నాలుగవుతుంది, కాబట్టి సంఖ్య చెప్పేది లీడర్ ఒక్కరే. మొదలెట్టిన సమయం, ముగించిన సమయం, దూరం, మనుషులు, ఎండా మబ్బూ, ఇవి లేని జాబితా ఎంత పొడుగున్నా పనికిరాదు.

నడక తర్వాత

నీడలో అరగంట కూర్చుని జాబితా చదవండి. ఇళ్లకు వెళ్లాక చూద్దాం అంటే ఎవరూ చూడరు. ఫోటోల్లో మొదట రెక్కల కిందివైపు చూడండి. చిన్న నీలి రంగు జాతుల్లో మగవి చాలావరకు పైనుంచి ఒక్కలాగే ఉంటాయి, తేడా కిందివైపు చుక్కల్లోనూ గీతల్లోనూ ఉంటుంది. పైవైపు ఫోటో ఒక్కటే ఉంటే చాలాసార్లు పేరు తేలదు.

ఫోటో చూసి జాతి పేరు సూచించే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి, తప్పులేదు. కానీ అది చూపించిన మొదటి పేరునే రాసేయకండి. కామన్ మోర్మన్ ఆడవాటిలో కొన్ని, విషం ఉన్న కామన్ రోజ్‌లాగా, ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్‌లాగా వేషం వేస్తాయి. రెక్కలు చూస్తే బోల్తా పడతారు, ఒళ్లు చూడండి. రోజ్‌లకు పొట్ట ఎర్రగా ఉంటుంది, మోర్మన్‌కు నల్లగా ఉంటుంది. ఫోటోలో పొట్ట కనిపించకపోతే "గుర్తించలేదు" అని రాయండి. దాని పక్కన సంఖ్య మాత్రం వేయండి.