బండి క్రోమ్ లోగోకి రంగు వేసే ముందు జాగ్రత్తలు

కళింగపట్నం, భోగాపురం వైపు సముద్రపు గాలిలో తిరిగే పికప్ బండ్ల లోగోలు మసకబారితే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. స్ప్రే డబ్బా పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

• అంచుని గోటితో గీకండి. పొర లేస్తోందా? లేచినంత మేరా తీసేయాల్సిందే, దాని మీద వేసిన రంగు నిలవదు.

• లోగో లోపలుండేది ఎక్కువగా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. దాని మీద మామూలుగా రాగి, నికెల్, ఆపైన పలచటి క్రోమియం పూత ఉంటాయి. అందుకే పొడిగా రుద్దొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. 600 నంబరు వాటర్ పేపర్ (నీళ్లతో వాడే గరుకు కాగితం) తడిపి, మెల్లగా రుద్దండి. మాస్కు, గ్లవుజులు తప్పనిసరి. నికెల్ పడనివాళ్లకి చర్మం దద్దుర్లు తేలుతుంది.

• థిన్నర్‌తో తుడిస్తే ప్లాస్టిక్ మెత్తబడి పాడవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు.

• లోగోని ఊడదీయాలంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, బాడీ పెయింట్ పోతుంది. ముందు మాస్కింగ్ టేపుతో లోగో చోటు గుర్తు పెట్టుకోండి. హెయిర్ డ్రయర్‌తో వెచ్చచేసి, గేలపు నైలాన్ దారాన్ని వెనక రంపంలా లాగితే జిగురు తెగుతుంది. దారం ఎక్కడైనా ఆగితే వెనక పిన్నులున్నట్టే, బలవంతం చేయకండి.

• ముసురు రోజున అసలు మొదలెట్టొద్దు. గాలిలో తేమ ఎక్కువైతే లక్కర్ (స్ప్రే చేసే మెరుపు పూత) తెల్లగా పాలిపోతుంది. పొద్దున్న మంచు ఆరాక, ఎండ ముదరకముందు, పొయ్యికి దూరంగా, గాలాడే వసారాలో వేయండి.