తిరుపతి నుంచి ఎలక్ట్రిక్ కారులో బయల్దేరుతున్నారా? ముందు ఛార్జింగ్ గన్ను సంగతి చూసుకోండి

తిరుపతిలో యాత్రికులకు కారు తిప్పడం నా పని. కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు దగ్గరి శ్రీపురం, అప్పుడప్పుడు మద్రాసు ఎయిర్‌పోర్టు. డీజిల్ బండి అమ్మేసి ఎలక్ట్రిక్ తీసుకున్నాక స్టాండులో అందరూ నన్ను అడిగేది ఒకటే. "అన్నా, బయట ఛార్జింగ్ పెడితే యూనిట్ ఎంత పడుతుంది?" నన్నడిగితే అది రెండో ప్రశ్న. ముందు అడగాల్సింది, అక్కడ గన్ను, అంటే కారుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్గు, పనిచేస్తోందా అని.

సరే, డబ్బు లెక్క త్వరగా తేల్చేద్దాం. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు మన ఊళ్లోనే ఉన్నా కరెంటు బిల్లులో మనకేం తగ్గింపు లేదు. ఇంటి మీటరు మీద నెలకు 400 యూనిట్లు దాటితే పై యూనిట్లకు 9.75 రూపాయల స్లాబు. కారు పెట్టుకున్న ఇల్లు ఆ స్లాబులోకి ఇట్టే వెళ్లిపోతుంది. అయినా సరే, యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడిచే బండికి, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే, కిలోమీటరుకు రూపాయిన్నర పడుతుంది.

బయట బోర్డు మీద యూనిట్ 20 రూపాయలు అని ఉంటే జేబులోంచి పోయేది 20 కాదు. ఛార్జింగ్ సర్వీసు మీద జీఎస్టీ 18 శాతం, అంటే 23.60. యాప్‌లో రేటు చూసేటప్పుడు జీఎస్టీ కలిపి చూపిస్తున్నారా, విడిగా వేస్తారా అన్నది కచ్చితంగా చూడండి. హైవే మీద ఏసీ వేసుకుని పోతే యూనిట్‌కు 6 కిలోమీటర్లే వస్తాయి కాబట్టి కిలోమీటరుకు దాదాపు 4 రూపాయలు. లీటరు 110 అనుకుని, లీటరుకు 16 ఇచ్చే పెట్రోలు బండికి 7 రూపాయల దాకా అవుతుంది. బయటి ఛార్జింగ్ పెట్రోలు కంటే చవకే, ఇంటి ఛార్జింగ్‌కు మాత్రం రెండింతలు దాటుతుంది. అందుకే రాత్రి ఇంట్లో నింపుకోవాలి. బయట, ఇల్లు చేరడానికి ఎంత తక్కువైతే అంతే కొనుక్కోవాలి.

అసలు తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. ఉదాహరణకు తిరుపతి, కాణిపాకం, శ్రీపురం, మళ్లీ తిరుపతి. అంతా కలిపి సుమారు 240 కిలోమీటర్లు. 40 యూనిట్ల బ్యాటరీ బండి ఈ రూట్‌లో సరిగ్గా ఖాళీ అవుతుంది. చాలామంది ఏం చేస్తారంటే 15 శాతానికి వచ్చేదాకా నడిపి, అప్పుడు స్టేషన్ వెతుక్కుంటారు. ఆ స్టేషన్‌లో మిషన్ ఆగిపోయి ఉంటే ఇక ముందుకు లేదు, వెనక్కు లేదు. నేనైతే శ్రీపురంలో పార్టీ, అంటే బండి మాట్లాడుకున్నవాళ్లు, దర్శనానికి వెళ్లగానే, బ్యాటరీ సగం ఉండగానే, వేలూరులో గన్ను పెట్టేస్తాను. 12 యూనిట్లు చాలు. 30 కిలోవాట్ల మిషన్ మీద అరగంట, 280 రూపాయల చిల్లర. ఒకవేళ అక్కడ పనిచేయకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. తిరుగుదారిలో చిత్తూరు ఉంది, అక్కడికి వచ్చేసరికి ఇంకా 30 శాతం చేతిలో ఉంటుంది. ఒక స్టేషన్ పనిచేయకపోతే రెండోదానికి వెళ్లేంత ఛార్జ్ మిగిలి ఉండగానే మొదటిదాని దగ్గర ఆగాలి. ఏ రూట్‌కైనా నేను చూసేది ఇదే.

స్టేషన్ ఎంచుకునేటప్పుడు రూపాయి, రెండు రూపాయల తేడా చూడకండి. రెండు మిషన్లున్న చోటు, రాత్రింబవళ్లు మనిషి ఉండే పెట్రోలు బంకు లేదా హోటలు చూడండి. ఒక్కటే మిషన్ మూల నిలబెట్టి, చుట్టూ మనిషనేవాడు లేని చోట యూనిట్ 16కే ఇస్తామన్నా నేను వెళ్లను. యాప్‌లో పచ్చగా 'అవైలబుల్' అని చూపినంత మాత్రాన నమ్మొద్దు. ఆ ఏరియా లైనులో కరెంటు పోయినా, ముందు ఎవరో పెట్రోలు కారు అడ్డంగా పార్క్ చేసినా యాప్‌కు తెలియదు. చివరిసారి ఎవరు, ఎప్పుడు ఛార్జ్ చేశారో ప్లగ్‌షేర్ యాప్‌లో చెక్-ఇన్‌లు, అంటే అక్కడ ఛార్జ్ చేసినవాళ్లు రాసిపెట్టినవి, చూడండి. నిన్ననో మొన్ననో ఎవరైనా పెట్టి ఉంటే కాస్త ధైర్యం. కేంద్రం పెట్టిన ఈవీ యాత్ర యాప్ ఒకటుంది, స్టేషన్లు ఎక్కడున్నాయో చూడ్డానికి పనికొస్తుంది. ఆపైన బంకుకు ఫోన్ చేసి అడగడమే. "నిన్నట్నుంచి లేదన్నా" అనే ఒక్క మాట గంట ఆదా చేస్తుంది.

అక్కడికి చేరాక. గన్ను, దాని కేబులు బరువుగా ఉంటాయి. కేబులు కిందికి లాగుతుంటే గన్ను మొన వంగి, కారు సాకెట్‌లో పూర్తిగా కూర్చోదు. తెరమీద ఏదో ఎర్రర్ పడుతుంది, జనం మిషన్‌ను తిట్టుకుంటారు. ఎడమచేత్తో గన్నును కాస్త పైకెత్తి పట్టుకుని నొక్కండి, లోపల టక్‌మని లాక్ పడే శబ్దం వచ్చేదాకా వదలొద్దు. ఆ తర్వాతే యాప్‌లో స్టార్ట్ కొట్టండి. మిషన్ మొత్తం చచ్చినట్టుంటే పక్కనున్న ఎర్ర బటన్ చూడండి. పిల్లలెవరో నొక్కేసి ఉంటారు. బంకు మనిషికి చెప్పి దాన్ని తిప్పి పైకి లేపిస్తే చాలాసార్లు లేస్తుంది. అప్పటికీ కాకపోతే మిషన్ మీదున్న నంబరుకు ఫోన్ చేయండి, వాళ్లు దూరం నుంచే రీస్టార్ట్ చేయగలరు. రెండుసార్లు చూశాక కాలేదా, తదుపరి స్టేషన్‌కు కదలండి. అక్కడే కూర్చుని పోట్లాడితే పార్టీ దర్శనం అయిపోయి ఫోన్ చేస్తుంది.

60 కిలోవాట్ల మిషన్ అని మురిసిపోకండి. చిన్న బండ్లలో కొన్ని 25, 30కి మించి తీసుకోవు. చాలా మిషన్లలో రెండో గన్నుకు ఇంకో కారు తగిలిస్తే పవర్ పంచుకుంటారు. 80 శాతం దాటాక ఎంత పెద్ద మిషనైనా నత్తనడకే. వెనక కారు ఆగి ఉంటే అక్కడితో తీసేయడం మర్యాద. తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) శనివారాల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు తమిళనాడు, బెంగళూరు బండ్లతో మన ఊరి స్టేషన్లలో క్యూ ఉంటుంది. ఆ రోజుల్లో పగలు వాటి జోలికే పోను.

కొండ గురించి వేరే చెప్పాలి. అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు. ఐదుగురితో నిండిన బండిని అంత ఎత్తుకు లేపడానికే 3 యూనిట్లకు పైగా పోతాయి. దూరానిది కూడా కలిపితే 6 దాకా లెక్క వేసుకోండి. దిగేటప్పుడు రీజెన్ వల్ల, అంటే మోటారే బండిని నెమ్మది చేస్తూ బ్యాటరీకి కరెంటు పంపడం వల్ల, కొంత తిరిగి వస్తుంది, బ్రేకులూ చల్లగా ఉంటాయి. కానీ బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే రీజెన్ సరిగ్గా పనిచేయదు. కాబట్టి కింద ఎంత నింపుకున్నా పర్లేదు, ఎక్కేసరికి తగ్గుతుంది. పైన ప్లగ్గు దొరికింది కదా అని ఫుల్ చేసి దిగొద్దు.

వాలెట్లు. రెండు మూడు కంపెనీల యాప్‌లు ఇంట్లో వైఫై మీదే పెట్టుకుని, ఓటీపీలన్నీ అయ్యాక, ఒక్కోదానిలో 300 వేసి ఉంచండి. సిగ్నల్ లేని బంకు దగ్గర రిజిస్ట్రేషన్ మొదలెట్టడం కంటే నరకం లేదు. ఛార్జింగ్ మధ్యలో ఆగిపోయి డబ్బు కోసుకుంటే, గన్ను తీయకముందే తెరమీది యూనిట్లు, మిషన్ నంబరు, యాప్‌లోని సెషన్ ఐడీ ఫోటో తీసుకోండి. ఇవి జతచేసి మెయిల్ పెడితే రీఫండ్ వాలెట్‌లోకి వస్తుంది. ఫోటో లేని కంప్లైంటుకు "చెక్ చేస్తాం సార్" అన్న జవాబే వస్తుంది.