రేకుల కప్పు నీటిని ఇంకుడు గుంతలోకి పంపే ముందు

వాన నీటిని భూమిలోకి ఇంకించడం మంచి పని. అడిగినవాళ్లందరికీ నేనూ అదే చెబుతాను. కానీ కప్పు మీద లోహం ఉంటే మాత్రం పైపును నేరుగా గుంతలోకి దించొద్దంటాను. కలుషితం కాని వాన నీటికి కూడా పీహెచ్ సుమారు 5.6, అంటే కాస్త ఆమ్ల గుణమే. అది రేకుల పూత నుంచి జింకును, గట్టర్ల నుంచి రాగిని, అతుకుల పట్టీల నుంచి, పాత రంగుల నుంచి సీసాన్ని కొంచెం కొంచెంగా దించుకొస్తుంది. లోహాలు ఆకుల్లా కుళ్లిపోవు, మట్టిలో పేరుకుంటూనే ఉంటాయి.

ముందు కప్పును దగ్గరగా చూడండి. స్క్రూల చుట్టూ, రేకు మీద రేకు ఎక్కిన చోట వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుతోందా? జింకు పూత అరిగిపోతోందన్నమాట. రాగి మీదైతే ఆకుపచ్చటి చిలుము కనిపిస్తుంది. అరిగిన రేకులకు రంగు వేయించడమే అన్నిటికన్నా మేలు. పాత రంగులో సీసం ఉందన్న అనుమానముంటే పొడిగా గీకొద్దు, ఆ దుమ్ము పిల్లలకు చాలా ప్రమాదం.

మొదటి జల్లు నీటిలో మురికి ఎక్కువ. 100 చదరపు మీటర్ల కప్పు మీద 1 మిల్లీమీటరు వానంటే 100 లీటర్లు. కనీసం అంత నీటిని గుంతలోకో, ట్యాంకులోకో పోకుండా మళ్లించాలి. అయితే రేకు నుంచి జింకు ఆ తర్వాత కూడా వస్తూనే ఉంటుంది కాబట్టి దీంతోనే పని అయిపోదు.

అసలు పని చేసేది పైమట్టి. కంకర గుంతలో నీళ్లు గబగబా దిగిపోతాయి, లోహాలను పట్టి ఉంచేది అక్కడ దాదాపు ఏమీ ఉండదు. అందుకే లోతు తక్కువగా, వెడల్పుగా ఒక మడి తవ్వండి. కంపోస్టు కలిపిన మట్టిని 30 సెంటీమీటర్లు పరిచి గడ్డి వేయండి. బంకమన్ను, కంపోస్టు లోహాలను పట్టుకుంటాయి. మట్టి పీహెచ్ 6 కంటే తగ్గితే ఆ పట్టు సడలుతుంది, అప్పుడు సున్నపురాయి పొడి కలపాలి. మడి అడుగుకూ, వానాకాలపు నీటిమట్టానికీ మధ్య కనీసం 1 మీటరు ఎడం ఉంచండి. తాగునీటి బావికి దూరంగా తవ్వండి.

ఆ మడిలో ఆకుకూరలు వేయొద్దు. కొన్నేళ్లకోసారి పైన ఐదారు సెంటీమీటర్ల మట్టిని ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. లోహాలు ఎక్కువైతే ఆ పొర తీసి కొత్త మట్టి వేయాలి. తీసిన మట్టిని తోటలో చల్లకండి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించండి.


ఈ కప్పు మీది నీళ్లే తాగుతుంటే సీసం పరీక్ష తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. మరగబెడితే సీసం పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.